డీటీహెచ్ సంస్థలకూ చానెళ్ళకూ మధ్య ఒప్పంద వివాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రీచార్జ్ గడువు ఉండగానే ఏదో ఒక చానెల్ తెర మీద నుంచి మాయమైతే, చూసేవారికి తోచేది ఒక్కటే: డబ్బు కట్టాక కూడా ఎందుకు ఆపారు? దీనికి జవాబు చెప్పవలసిన రెండు సంస్థలూ ఒకదాన్ని మరొకటి చూపిస్తాయి. భారతదేశంలో ఈ ఒప్పందాలు ఎలా నడుస్తాయో, ఎక్కడ తెగుతాయో, తెగినప్పుడు చందాదారు చేతిలో ఏముంటుందో కింది ప్రశ్నల్లో చూడవచ్చు. కేబుల్ కనెక్షన్ ఉన్నవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది, ఎందుకంటే టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో ఇచ్చిన నిబంధనలు డీటీహెచ్‌నూ డిజిటల్ కేబుల్‌నూ ఒకే గాటన కట్టాయి.

నిన్నటి దాకా వచ్చిన చానెల్ ఈ రోజు రావడం లేదు. ముందుగా ఏం చూసుకోవాలి?

ఆ చానెల్ ఏ విధంగా ఆగిందో తెలుసుకోవాలి. పైకి ఒకేలా కనిపించినా ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, ప్రసార సంస్థే తన సిగ్నల్‌ను ఆ డీటీహెచ్ సంస్థకు ఆపివేయడం. అప్పుడు ఆ సంస్థ చందాదారుల్లో ఎవరికీ, ఏ ప్యాక్‌లోనూ ఆ చానెల్ రాదు. రెండోది, డీటీహెచ్ సంస్థ తన ప్యాక్‌లోంచి చానెల్‌ను తీసివేయడం. అప్పుడు చానెల్ ఆ వేదిక మీద ఉంటుంది, విడిగా ఎంచుకుంటే వస్తుంది. మూడోది, డబ్బుతో సంబంధం లేని కారణాలతో స్థానికంగా కేబుల్ వారు నిలిపివేయడం.

పక్కింటివారిది అదే డీటీహెచ్ అయి, వారికి వస్తూ మీకు రాకపోతే అది దాదాపు ఎప్పుడూ రెండో రకమే. సంస్థ యాప్‌లో ఆ చానెల్ పేరు వెతికితే, విడిగా చేర్చుకునే వీలు కనిపిస్తుంది. అక్కడ కూడా లేకపోతే మొదటి రకం అనుకోవచ్చు. ఫిర్యాదు ఎవరి మీద, ఏమని చేయాలన్నది ఈ తేడాను బట్టే ఉంటుంది.

ఆకాశంలో ఉన్న ఉపగ్రహం నుంచి సిగ్నల్ నేరుగా నా డిష్‌కు వస్తున్నప్పుడు, మధ్యలో ఒప్పందం ఎందుకు?

సిగ్నల్ నేరుగా రాదు. ప్రసార సంస్థ తన చానెల్‌ను సాధారణంగా సి బ్యాండ్‌లో, తాళం వేసిన రూపంలో ఉపగ్రహానికి పంపుతుంది. డీటీహెచ్ సంస్థ తన కేంద్రంలో పెద్ద డిష్‌లు పెట్టి దాన్ని అందుకుంటుంది. తాళం తీయడానికి ప్రసార సంస్థ ఇచ్చిన డీకోడర్ పెట్టెలు అక్కడ ఉంటాయి. అలా తీసుకున్న చానెళ్ళన్నింటినీ కలిపి, తన సొంత తాళం వేసి, డీటీహెచ్ సంస్థ కేయూ బ్యాండ్‌లో మళ్ళీ పైకి పంపితే, అవి మీ మేడ మీది చిన్న డిష్‌కు దిగుతాయి. మీ సెట్‌టాప్ బాక్స్‌లోని కార్డు ఆ రెండో తాళాన్ని తీస్తుంది.

అంటే తాళాలు రెండు, తాళం చెవులు ఇద్దరి దగ్గర. ఒప్పందం తెగిన రోజున ప్రసార సంస్థ ఎవరినీ పంపనక్కరలేదు. తన కార్యాలయంలోనే కూర్చుని ఆ డీకోడర్ పెట్టెలకు ఇచ్చిన అనుమతిని రద్దు చేస్తే, క్షణాల్లో లక్షల ఇళ్ళలో ఆ చానెల్ నల్లబడుతుంది. తిరిగి ఇవ్వడం కూడా అంతే సులువు. అందుకే సంతకం పడిన గంటల్లోనే చానెళ్ళు వచ్చేస్తుంటాయి, సాంకేతిక లోపమన్న సాకు అంతగా నిలవదు.

పే చానెల్‌కు నేను కట్టే డబ్బు ఎవరికి ఎంత చేరుతుంది?

ఒక చానెల్ నెలవారీ గరిష్ఠ చిల్లర ధర రూ. 19 అనుకుందాం. అందులో కనీసం 20 శాతం, అంటే రూ. 3.80, పంపిణీ రుసుముగా డీటీహెచ్ లేదా కేబుల్ సంస్థకు మిగలాలి. దాని పైన ప్రసార సంస్థ కావాలనుకుంటే మరో 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చు, కానీ అందరికీ ఒకే కొలమానంతో ఇవ్వాలి. రెండూ కలిపితే రూ. 6.65. ఆ లెక్కన ప్రసార సంస్థకు రూ. 12.35 నుంచి రూ. 15.20 వరకు చేరుతుంది. దీని మీద చందాదారు 18 శాతం జీఎస్టీ వేరుగా కడతాడు.

చానెళ్ళ ధరతో సంబంధం లేకుండా కనెక్షన్ కోసం కట్టేది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. 2019లో ఇది 100 చానెళ్ళకు గరిష్ఠంగా రూ. 130, పన్నుతో కలిపి రూ. 153.40. 2020 సవరణలో అదే రూ. 130కి 200 చానెళ్ళు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ట్రాయ్ ఈ గరిష్ఠ పరిమితినే ఎత్తివేసి, ఎంత వసూలు చేయాలన్నది సంస్థలకు వదిలేసింది. ఈ ఫీజులో ప్రసార సంస్థకు పైసా కూడా వెళ్ళదు.

ధర ముందే ప్రకటించి ఉంటే, ఇక గొడవ పడడానికి ఏం మిగిలింది?

చాలా మిగిలింది. 2017 మార్చి 3న ట్రాయ్ ఇచ్చిన టారిఫ్ ఆదేశం, దానితో పాటు వచ్చిన ఇంటర్‌కనెక్షన్ (ప్రసార, పంపిణీ సంస్థల మధ్య ఒప్పందాల) నిబంధనలు ధర ఎవరు నిర్ణయించాలన్న తగువును తీర్చడానికి పుట్టాయి. అంతకు ముందు ప్రసార సంస్థ టోకుగా ఒక మొత్తం అడిగేది, డీటీహెచ్ సంస్థ బేరమాడేది, చివరికి తేలిన అంకె ఆ ఇద్దరికే తెలిసేది. 2010లో ట్రాయ్ డిజిటల్ వేదికలకు టోకు ధరను పాత కేబుల్ ధరలో 35 శాతంగా పెడితే, 2011లో సుప్రీంకోర్టు మధ్యంతరంగా దాన్ని 42 శాతానికి మార్చింది. కొన్నేళ్ళ పాటు పరిశ్రమ మొత్తం ఈ శాతాల చుట్టూ తిరిగింది. కొత్త పద్ధతిలో ప్రసార సంస్థ తానే చిల్లర ధరను ప్రకటిస్తుంది, చందాదారు ఎంచుకుంటాడు, మధ్యవారికి నిర్ణీత వాటా దక్కుతుంది. స్టార్ ఇండియా దీన్ని మద్రాసు హైకోర్టులో సవాలు చేసింది. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టివేశాక, 2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త పద్ధతి అమలైంది.

అప్పటి నుంచి తగువు బొకేల మీదికి మళ్ళింది. బొకే అంటే ఒకే ప్రసార సంస్థకు చెందిన చానెళ్ళ కట్ట. అందరూ చూసే ఒకటి రెండు చానెళ్ళతో పాటు ఎవరూ అడగని పదింటిని కట్టి, విడివిడిగా కొనేదానికంటే చాలా తక్కువ ధరకు ఇస్తే, ఎంచుకునే స్వేచ్ఛ కాగితం మీదే ఉండిపోతుంది. కూరగాయల బజారులో టమాటాతో పాటు వాడిన తోటకూర కట్ట అంటగట్టడం లాంటిదే ఇది. 2020 జనవరి 1 నాటి సవరణలో, రూ. 12 దాటిన చానెల్‌ను బొకేలో పెట్టకూడదని ట్రాయ్ చెప్పింది. ప్రసార సంస్థలు బాంబే హైకోర్టుకు వెళ్ళాయి. 2021 జూన్ 30న ఆ కోర్టు సవరణలను చాలావరకు సమర్థించి, ఒక షరతును మాత్రం కొట్టివేసింది. 2022 నవంబరు 22న ట్రాయ్ మళ్ళీ సవరించి, పరిమితిని రూ. 19కి పెంచింది, బొకే మీద రాయితీ 45 శాతం మించకూడదని నియమం పెట్టింది. రూ. 19 చొప్పున అయిదు చానెళ్ళుంటే విడిగా రూ. 95 అవుతుంది. బొకేగా రూ. 52.25 కంటే తక్కువకు ఇవ్వడానికి వీల్లేదన్నమాట.

డీటీహెచ్ సంస్థకు ఇక్కడ రెండు ఇబ్బందులున్నాయి. ప్రసార సంస్థ తన ప్రధాన చానెల్ ధర పెంచిన ప్రతిసారీ ప్యాక్ ధర పెంచాలి, లేదా ప్యాక్‌లోంచి ఏదో తీసివేయాలి. పెంచితే చందాదారు రీచార్జ్ మానేసి ఫోన్‌లో చూస్తాడు. పెంచకపోతే తన మార్జిన్ తరుగుతుంది. ప్రసార సంస్థ వాదన కూడా తీసిపారేయదగింది కాదు. సీరియళ్ళు, సినిమా హక్కులు, క్రికెట్ హక్కుల ఖర్చు ఏటా పెరుగుతుంటే ధర మాత్రం నియంత్రణలో ఉండిపోతోందని వారంటారు. ఇద్దరి కష్టమూ నిజమే కానీ, ఆ కష్టాన్ని చందాదారు తెర మీద తేల్చుకోవాలనుకోవడమే అభ్యంతరకరం.

చందాదారుల సంఖ్య మీద కూడా వివాదాలు వస్తాయంటారు. అది కంప్యూటర్ లెక్కే కదా?

లెక్క కంప్యూటర్‌దే, కానీ ఆ కంప్యూటర్ డీటీహెచ్ సంస్థ దగ్గర ఉంటుంది. చందాదారుల వివరాలను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి, కార్డులకు అనుమతులిచ్చే వ్యవస్థ ఇంకొకటి. ఈ రెండింటి అంకెలూ సరిపోలాలి. ప్రతి నెలా చానెల్ వారీగా, బొకే వారీగా చందాదారుల సంఖ్యను ప్రసార సంస్థకు నివేదించాలి. ప్రసార సంస్థ బిల్లు ఆ అంకె మీదే వేస్తుంది. రూ. 15.20 చొప్పున లక్ష మందిని తక్కువ చూపితే, ఒక్క చానెల్ మీద నెలకు రూ. 15.20 లక్షల తేడా వస్తుంది.

అందుకని పంపిణీ సంస్థ ఏడాదికోసారి తన వ్యవస్థను ఆడిట్ చేయించాలని, దానితో తృప్తి చెందని ప్రసార సంస్థ తానే ఆడిట్ కోరవచ్చని నిబంధనలున్నాయి. ఆచరణలో ఆడిటర్‌ను ఎవరు ఎంచుకోవాలి, పాత డేటా ఎంతవరకు చూపాలి, తేడా ఏ నెల నుంచి లెక్కించాలి అన్న చోట పేచీ మొదలవుతుంది. బయటికి బకాయిల గొడవగా వినిపించేవాటిలో చాలావాటి వేళ్ళు ఇక్కడే ఉంటాయి. పెద్ద డీటీహెచ్ సంస్థల కంటే చిన్న ఎంఎస్ఓల, అంటే ప్రసార సంస్థ నుంచి సిగ్నల్ తీసుకుని వీధి ఆపరేటర్లకు ఇచ్చే కేబుల్ సంస్థల, విషయంలో ఇది ఎక్కువ.

ముందస్తు నోటీసు లేకుండా చానెల్ ఆపవచ్చా?

ఆపకూడదు. ఒప్పందం నడుస్తుండగా సిగ్నల్ ఆపాలనుకున్న పక్షం, కారణాలు స్పష్టంగా రాసి, అవతలి పక్షానికి కనీసం మూడు వారాల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఒప్పందం గడువు ముగిసే సందర్భమైతే, కొత్త ఒప్పందానికి రమ్మని ప్రసార సంస్థ 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పంపిణీ సంస్థ 15 రోజుల ముందు నుంచి ఆ చానెళ్ళ మీద స్క్రోల్ ద్వారా చందాదారులకు చెప్పాలి. రాతపూర్వక ఒప్పందం లేకుండా సిగ్నల్ ఇవ్వడమే నిషిద్ధం కాబట్టి, పాత ఒప్పందం ముగిసిన మరునాడు మాటమీద కొనసాగించడం కుదరదు. గడువు తేదీ దగ్గర పడేకొద్దీ రెండు పక్షాలూ బిగుసుకోవడానికి ఈ నియమం కూడా ఒక కారణం.

నచ్చని డీటీహెచ్ సంస్థకు చానెల్ ఇవ్వనని ప్రసార సంస్థ అనవచ్చా?

అనకూడదు. 2004 నుంచి మన దేశంలో ఉన్న మూల సూత్రం, అడిగిన ప్రతి పంపిణీ సంస్థకూ వివక్ష లేకుండా చానెల్ ఇవ్వాలన్నదే. దీని అవసరం ఎక్కడ నుంచి వచ్చిందో ఆ రోజుల యాజమాన్యాలను చూస్తే తెలుస్తుంది. 2003లో మొదలైన డిష్ టీవీ, జీ చానెళ్ళు ఒకే గ్రూపువి. 2006లో వచ్చిన టాటా స్కై మొదట్లో టాటాలకు 80 శాతం, స్టార్‌కు 20 శాతం వాటా ఉన్న సంస్థ. 2007లో వచ్చిన సన్ డైరెక్ట్, మన జెమిని టీవీని నడిపే సన్ నెట్‌వర్క్ కుటుంబానిది. చానెళ్ళున్నవారే డిష్‌లూ పెడితే, పోటీదారు వేదికకు తమ చానెల్ ఇవ్వకుండా దెబ్బతీయాలనిపించడం సహజం. స్టార్ చానెళ్ళు తమకు ఇవ్వడం లేదని డిష్ టీవీ పక్షం ఇలాంటి తగువులు తేల్చే టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు వెళితే, 2006లో ఆ ట్రిబ్యునల్ ఇవ్వవలసిందేనని ఆదేశించింది.

ఇవ్వాలన్న నియమం ఉన్నా, ఎవరూ అందుకోలేని ధర చెప్పి ఇవ్వకుండా ఉండవచ్చు. ఆ కిటికీని మూసినది 2015 డిసెంబరు 7న టీడీశాట్ ఇచ్చిన తీర్పు. నోయిడా సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్ అనే పంపిణీ సంస్థ, ప్రసార సంస్థల తరఫున చానెళ్ళ ఒప్పందాలు చూసే మీడియా ప్రో మీద వేసిన కేసు అది. ప్రసార సంస్థ ప్రకటించే రిఫరెన్స్ ఇంటర్‌కనెక్ట్ ఆఫర్, అంటే అందరి ముందూ ఉంచే ఒప్పంద పత్రం, పేరుకే ఉండకూడదని, లోపల జరిగే బేరాలకు అదే నిజమైన ఆధారం కావాలని ట్రిబ్యునల్ చెప్పింది. తెర వెనుక బేరాల కాలం ముగియడానికి ఈ తీర్పు చేసినంత మేలు మరేదీ చేయలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒక మినహాయింపు ఉంది. పాత బకాయిలు చెల్లించని సంస్థకు సిగ్నల్ నిరాకరించవచ్చు. అందుకే లెక్కల తగువు గెలవడం ఇరువురికీ అంత ముఖ్యం.

2018లో టాటా స్కై నుంచి సోనీ చానెళ్ళు పోయినప్పుడు ఏం జరిగింది?

పాత పద్ధతిలో కుదిరిన ఒప్పందం ముగిసి, కొత్త ధర మీద రెండు సంస్థలకూ పొసగలేదు. 2018 అక్టోబరు మొదట్లో టాటా స్కై సోనీకి చెందిన పలు చానెళ్ళను ప్యాక్‌లలోంచి తీసివేసింది. కావాలనుకున్నవారు మిస్డ్ కాల్ ఇచ్చి తిరిగి పొందవచ్చని చెప్పింది. ప్యాక్‌లో తానుగా చేర్చకుండా, అడిగినవారికి మాత్రమే ఇస్తే నిజంగా ఎందరు అడుగుతారో లెక్క తేలుతుంది, బేరంలో ఆ లెక్క ఆయుధమవుతుంది. ప్రసార సంస్థకు ఇందులో నచ్చనిది కూడా సరిగ్గా అదే. తెలుగు ఇళ్ళలో ఈ గొడవ అంతగా పట్టకపోయినా, క్రికెట్ సిరీస్‌ల కోసం సోనీ స్పోర్ట్స్ చానెళ్ళు చూసేవారికి మాత్రం బాగా గుర్తుండిపోయింది.

2023 ఫిబ్రవరిలో కేబుల్‌లో ఒకేసారి అనేక చానెళ్ళు ఆగిపోవడానికి కారణం ఏమిటి?

ఇటీవలి కాలంలో ఇదే అతి పెద్ద తెగతెంపు. 2022 నవంబరు సవరణల ప్రకారం కొత్త ధరలు 2023 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. చానెళ్ళ ధరలు పెరిగాయి. డీటీహెచ్ సంస్థలు కొత్త ఒప్పందాలు చేసుకున్నాయి. పెద్ద కేబుల్ సంస్థల సమాఖ్య ఏఐడీసీఎఫ్ సభ్యులు మాత్రం, ఈ ధరలతో చందాదారులు పారిపోతారంటూ సంతకం చేయకుండా కేరళ హైకోర్టుకు వెళ్ళారు. ఫిబ్రవరి 17, 18 తేదీల మధ్య డిస్నీ స్టార్, జీ, సోనీ సంస్థలు సంతకం చేయని కేబుల్ సంస్థలకు సిగ్నల్ ఆపివేశాయి. సుమారు 4.5 కోట్ల ఇళ్ళ మీద ప్రభావం పడిందని ఏఐడీసీఎఫ్ చెప్పింది. వారం తిరగకుండానే కేబుల్ సంస్థలు సంతకాలు చేశాయి, చానెళ్ళు తిరిగి వచ్చాయి.

ఆ వారంలో స్టార్ మా, జీ తెలుగు లేని కేబుల్ ఇళ్ళు ఒక పక్క, అవే చానెళ్ళు యథావిధిగా వస్తున్న డీటీహెచ్ ఇళ్ళు మరో పక్క ఉండేవి. కేబుల్ ఆపరేటర్‌ను నిలదీసినవారికి దొరికిన జవాబు ‘పైన ఆపేశారు’ అన్నది మాత్రమే, పాపం అది నిజమే కూడా. వీధిలో వైరు లాగే ఆపరేటర్‌కూ ఈ ఒప్పందానికీ నేరుగా సంబంధం లేదు. అతడు ఎంఎస్ఓ దగ్గర సిగ్నల్ తీసుకుంటాడు, ఎంఎస్ఓ ప్రసార సంస్థతో ఒప్పందం చేసుకుంటాడు. తిట్లు మాత్రం వసూళ్ళకు వచ్చే మనిషికే దక్కుతాయి.

మరో సంగతి కూడా ఇక్కడ గమనించాలి. 2015లో మా టీవీని కొన్న స్టార్, 2024 నవంబరులో వయాకామ్18తో కలిసి జియోస్టార్ అయింది. ఇన్ని చానెళ్ళు, ఇన్ని క్రీడా హక్కులు ఒకే చేతిలో ఉన్నప్పుడు, ‘సంతకం చేయం’ అనే ధైర్యం ఏ పంపిణీ సంస్థకైనా తగ్గుతుంది.

తెలంగాణలో 2014లో, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వార్తా చానెళ్ళు ఆగిపోవడం కూడా ఒప్పంద వివాదమేనా?

కాదు. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, అక్కడి ఎంఎస్ఓలు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను ఆపివేశారు. శాసనసభ్యులను కించపరిచేలా ఒక కార్యక్రమం వచ్చిందన్న ఆగ్రహం దాని నేపథ్యం. 2024 జూన్‌లో, ప్రభుత్వం మారాక, ఆంధ్రప్రదేశ్‌లో టీవీ9, ఎన్టీవీ, 10టీవీ, సాక్షి టీవీ అనేక కేబుల్ నెట్‌వర్క్‌లలో కనిపించకుండా పోయాయి. టీవీ9 వేసిన పిటిషన్ మీద ఢిల్లీ హైకోర్టు ప్రసారాలు పునరుద్ధరించాలని ఎంఎస్ఓలను ఆదేశించింది. రెండు సందర్భాల్లోనూ ప్రసార సంస్థ సిగ్నల్ ఇస్తూనే ఉంది. దాన్ని ఇంటికి చేర్చవలసినవారే ఆపారు.

మొదట చెప్పిన మూడో రకం ఇదే. నోటీసు లేకుండా ఆపడం నిబంధనల ఉల్లంఘన కాబట్టి, చట్టపరంగా ఇలాంటివి కూడా ఇంటర్‌కనెక్షన్ కేసులుగానే నడుస్తాయి. కానీ వీటిలో ధర, బకాయి, ఆడిట్ అన్న మాటలు ముసుగులే. దేశమంతటికీ ఒకే కేంద్రం నుంచి ప్రసారమయ్యే డీటీహెచ్‌లో ఒక రాష్ట్రం వరకే చానెల్ ఆపడం కేబుల్‌లో ఆపినంత సులువు కాదు. ఆ రోజుల్లో ఊళ్ళలో కొత్త డిష్‌లు వెలియడానికి కారణం అదే.

టీడీశాట్ అంటే ఏమిటి? చందాదారుగా నేను అక్కడికి వెళ్ళవచ్చా?

టెలికాం వివాదాల పరిష్కార, అప్పీళ్ళ ట్రిబ్యునల్‌ను 2000లో ట్రాయ్ చట్టాన్ని సవరించి ఏర్పాటు చేశారు. ప్రసార, కేబుల్ రంగాలు 2004లో ట్రాయ్ పరిధిలోకి రావడంతో, ఆ తగువులూ దీని ముందుకు చేరాయి. ఢిల్లీలో ఉంటుంది. దీని నిర్ణయం మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వెళుతుంది. సిగ్నల్ ఆపుతామన్న నోటీసు అందగానే పంపిణీ సంస్థ ఇక్కడికి పరుగెత్తడం, బకాయిలో కొంత కట్టమని, అంతవరకు సిగ్నల్ ఆపవద్దని మధ్యంతర ఆదేశం రావడం తరచుగా కనిపించే దృశ్యం.

సేవలందించే సంస్థల మధ్య తగాదాలతో పాటు, ఒక సంస్థకూ వినియోగదారుల సమూహానికీ మధ్య తగాదాలను కూడా ఇది వింటుంది. ఒక్కరి ఫిర్యాదుకు మాత్రం వినియోగదారుల కమిషన్ సరైన చోటు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను పరిష్కరించదు.

రాని చానెల్‌కు కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

విడిగా ఎంచుకున్న చానెల్ అయితే లెక్క సులువు. ఆగిన రోజు నుంచి దాని ధర వసూలు చేయకూడదు. ముందుగా రీచార్జ్ చేసిన డబ్బు మీ ఖాతాలోనే మిగలాలి. బొకేలోని ఒక చానెల్ ఆగితే లెక్క చిక్కుపడుతుంది, ఎందుకంటే బొకే ధర చానెళ్ళ ధరల మొత్తం కాదు. డీటీహెచ్ సంస్థలు చాలాసార్లు ‘దాని బదులు ఇది’ అంటూ మరో చానెల్‌ను చేరుస్తాయి. మీ అంగీకారం లేకుండా అలా మార్చి డబ్బు కోయడం సరికాదు. ఆ రోజునే ఖాతాలోని నిల్వ, ప్యాక్ వివరాల తెరచిత్రం తీసి ఉంచుకోవడం మంచిది, తర్వాత యాప్‌లో పాత వివరాలు దొరకవు.

ముందు సంస్థ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. తేలకపోతే నోడల్ అధికారికి రాయండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నలభై, యాభై రూపాయల కోసం ఇంత శ్రమ ఎందుకనిపించవచ్చు. అందరికీ అలా అనిపిస్తుందన్న ధీమాతోనే ఈ చిన్న మొత్తాలు అక్కడే ఉండిపోతాయి.

తెర మీద సంస్థలు వేసే విజ్ఞప్తులను నమ్మవచ్చా?

అవి అబద్ధాలు కావు, సగం నిజాలు. ప్రసార సంస్థ వేసే స్క్రోల్‌లో ‘మీ ఆపరేటర్ ఒప్పందం చేసుకోలేదు’ అని ఉంటుంది కానీ, అడిగిన ధర ఉండదు. డీటీహెచ్ సంస్థ వేసే ప్రకటనలో ధరల పెంపు ఉంటుంది కానీ, బకాయి ఉండదు. ఫలానా నంబరుకు ఫోన్ చేసి నిరసన తెలపండి అన్న పిలుపు ఏ వైపు నుంచి వచ్చినా, ఆ ఫోన్ కాల్ మీ సమస్యను తీర్చదు, వారి బేరానికి బలం చేకూరుస్తుంది. ప్రసార సంస్థ ప్రకటించిన ధరల పట్టిక, ఒప్పంద పత్రం దాని వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి. ధర నిజంగా ఎంత పెరిగిందో అక్కడ పది నిమిషాల్లో చూసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న మా బంధువులకు కూడా ఇలాగే చానెళ్ళు ఆగిపోతుంటాయి. అక్కడి నియమాలు ఇవేనా?

చాలా తేడా ఉంది. అక్కడ సాధారణంగా చానెల్ ధరకు ప్రభుత్వ పరిమితి ఉండదు, అందరికీ ఒకే ధరకు ఇవ్వాలన్న మన తరహా నియమమూ లేదు. స్థానిక టీవీ స్టేషన్లకు మాత్రం 1992 నాటి కేబుల్ చట్టం కింద, తమ ప్రసారాన్ని అందించడానికి అనుమతి ఇచ్చే లేదా నిరాకరించే హక్కు ఉంది. మిగతాదంతా రెండు కంపెనీల బేరమే. అందుకే తెగతెంపులు అక్కడ ఎక్కువ, పొడవు కూడా ఎక్కువ. 2012 జులైలో డైరెక్‌టీవీలో వయాకామ్ చానెళ్ళు పది రోజుల పాటు లేవు. అదే ఏడాది డిష్ నెట్‌వర్క్ ఏఎంసీ చానెళ్ళను జులై నుంచి అక్టోబరు దాకా ఆపింది. దాని వెనుక ఉన్న వూమ్ అనే మరో చానెళ్ళ సమూహపు పాత దావాను 70 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నాకే అవి తిరిగి వచ్చాయి. 2018 నవంబరు 1న డిష్‌లో ఆగిన హెచ్‌బీఓ మళ్ళీ రావడానికి 2021 దాకా పట్టింది. 2024 సెప్టెంబరు 1న, అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే వేళకు, డిస్నీ చానెళ్ళు డైరెక్‌టీవీలో ఆగిపోయి 14న తిరిగి వచ్చాయి. ఆ సమయంలో డైరెక్‌టీవీ కోరినవారికి 20 డాలర్లు బిల్లులో తగ్గించింది.

అక్కడి తెలుగు కుటుంబాలు డిష్ నెట్‌వర్క్ ద్వారా తెలుగు ప్యాక్‌లు చాలాకాలంగా చూస్తున్నారు. ఆ ప్యాక్‌ల ఒప్పందాలు వేరు కాబట్టి, ఆంగ్ల చానెళ్ళ తగాదా వచ్చినంత మాత్రాన తెలుగు చానెళ్ళు ఆగవు.

వివాదం తేలేలోగా వేరే డీటీహెచ్‌కు మారడం మంచిదేనా?

తొందరపడకపోవడమే మేలు. మొబైల్ నంబరులా ఇక్కడ పోర్టింగ్ లేదు. ఒక సంస్థ బాక్స్ మరో సంస్థ సిగ్నల్‌కు సాధారణంగా పనిచేయదు. డిష్ దిశ కూడా మార్చాలి, ఎందుకంటే సంస్థలు వాడే ఉపగ్రహాలు వేరు. కొత్త బాక్స్, బిగింపు ఖర్చు కలిపితే, ఆగిన చానెల్‌కు ఏడాదికి కట్టే ధర కంటే ఎక్కువ కావచ్చు. పెద్ద ప్రసార సంస్థలతో వచ్చిన తగువులు మన దేశంలో చాలావరకు రోజుల్లోనో వారాల్లోనో తేలిపోయాయి.

చానెల్ ప్యాక్‌లోంచి తీసినదైతే విడిగా చేర్చుకోండి, రూ. 19 మించే సందర్భాలు తక్కువ. సిగ్నలే ఆగితే, ఆ ప్రసార సంస్థ బొకేను వెంటనే తీసివేయించండి. ప్యాక్‌ను ఎప్పుడైనా మార్చుకునే హక్కు మీకుంది. సీరియల్ కోసమే అయితే ఆ సంస్థ యాప్‌లో కొన్నాళ్ళు చూడవచ్చు. నెల దాటినా ఏమీ తేలక, ఆ చానెల్ లేకుండా ఇంట్లో పెద్దవారికి పొద్దుపోకపోతే, అప్పుడు మారే ముందు కొత్త సంస్థలో అదే ప్రసార సంస్థతో ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో అడగండి. కస్టమర్ కేర్‌లో ఆ తేదీ చెప్పేవారు దొరకడం అరుదు, అయినా అడిగి చూడవచ్చు.